కోక్ ఓవెన్ మేస్త్రీ కట్టిన చేపల తొట్టి

భిలాయి వైశాలి నగర్‌లో, ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరైన ఒక మేస్త్రీగారి పెరట్లో బంగారు చేపల తొట్టి ఉంది. లోపలి కొలత ఎనిమిదడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల లోతు. వంద ఘనపుటడుగులన్నమాట, సుమారు 2,800 లీటర్ల నీళ్లు పడతాయి. అందులో తిరిగేవి ఎనిమిది చేపలు. చూడ్డానికి వచ్చినవాళ్లు ముందుగా అడిగేది, ఇంత తొట్టికి ఎనిమిదేనా అని. ఆయన నవ్వి ఊరుకుంటారు. నాకైతే ఆ తొట్టిలో ఎక్కువ నచ్చింది చేపలు రాకముందు జరిగిన పని. అందులో చాలా భాగం ఇప్పుడు నీళ్ల కింద, మట్టి కింద ఉంది. కంటికి ఆనేది ఓ అడుగు ఎత్తు గట్టు, ఒక పైపు, మీద కట్టిన ఆకుపచ్చ నెట్టు, అంతే.

భిలాయి ఉక్కు కర్మాగారం కోసం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం 1955 ఫిబ్రవరిలో జరిగింది. 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నేసును రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఆ కట్టుబడి పనులకీ, ఆ తర్వాత ఉద్యోగాలకీ ఉత్తరాంధ్ర పల్లెల నుంచి జనం రైలెక్కి వచ్చారు. మేస్త్రీగారి తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి అలా వచ్చినవారే. ఈయన ఇక్కడే పెరిగి, రిఫ్రాక్టరీ పనిలో, అంటే వేడిని తట్టుకునే ఇటుకల పనిలో చేరి, ఉద్యోగ జీవితమంతా కోక్ ఓవెన్ల దగ్గర గడిపారు. రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చెయ్యాలి కదా. అలా ఖాళీ చేసి చుట్టుపక్కల కాలనీల్లో స్థలం కొనుక్కున్న చాలామందిలాగే ఈయనా వైశాలి నగర్ చేరారు. టౌన్‌షిప్ సెక్టార్ల క్వార్టర్లలో పెరడు ఉన్నా అది కంపెనీది. ఇక్కడి పదిహేనడుగుల పెరడు సొంతం. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, కూరగాయల బేరానికి ఛత్తీస్‌గఢీ.

కోక్ ఓవెన్ సంగతి కొంచెం చెప్పాలి, తొట్టి పని అక్కడి అలవాటులోంచే వచ్చింది గనక. బొగ్గును కోక్‌గా మార్చే ఈ ఓవెన్ గోడలు సిలికా ఇటుకతో కడతారు. సిలికా ఇటుక వేడికి పెరుగుతుంది, ఆ పెరుగుదలలో ఎక్కువ వాటా మొదటి 600 డిగ్రీల లోపే. కట్టేటప్పుడే ఏ వరసలో ఎంత సందు వదలాలో లెక్క ఉంటుంది. కొత్త బ్యాటరీని, అంటే ఓవెన్ల వరసని, వెలిగించి పనిచేసే వేడికి తీసుకురావడానికి రెండు మూడు నెలలు పడుతుంది. తొందరపడితే గోడ పగులుతుంది. ఒకసారి వేడెక్కాక మళ్లీ చల్లారనివ్వరు. చల్లారితే ఆ ఇటుకే ముడుచుకుని చెడుతుంది. ఇలాంటి చోట పనిచేసిన మనిషికి రెండు సంగతులు వంటబడతాయి. వస్తువు కదులుతుందని ముందే అనుకుని కట్టడం ఒకటి, ఎండబెట్టాల్సినన్నాళ్లు ఎండబెట్టి, తడపాల్సినన్నాళ్లు తడపడం మరొకటి.

గొయ్యి తవ్వినప్పుడు పైన అడుగు మేర ఎర్రమట్టి, దాని కింద నల్లమట్టి తగిలాయి. ఆ నల్లమట్టిని ఇక్కడివాళ్లు కన్హార్ అంటారు. వరికీ శనగకీ మంచిది, గోడకి శత్రువు. వానకి ఉబ్బి, ఎండకి నెర్రెలిస్తుంది. దాని మీద నేరుగా తొట్టి కడితే ఏడాదికోసారి కింద నుంచి ఎత్తి, ఏడాదికోసారి వదిలేస్తుంది. రెండు మూడు వర్షాకాలాల తర్వాత "సిమెంటు మంచిది కాదు" అని తిట్టుకోవడమే మిగులుతుంది. మేస్త్రీగారు లోతుకు మించి ఇంకో అడుగు తవ్వించి, నల్లమట్టి తీయించి, మొరం పోసి, పొర పొరకీ తడిపి దిమ్మిస చేయించారు. గోడల చుట్టూ కూడా జానెడు వెడల్పున మొరమే నింపారు. ఆ పైన ఐదంగుళాల కాంక్రీటు పలక, 8 మిల్లీమీటర్ల కమ్మీ ఆరంగుళాలకొకటి. పెరటి తొట్టికి ఇంత అవసరమా అంటే, ఉంది. 2,800 లీటర్లంటే నీళ్ల బరువే 2,800 కిలోలు.

తొట్టి సగానికి పైగా భూమిలో, మిగతాది పైన. పద్దెనిమిది అంగుళాలు నేలకి దిగువన, పన్నెండు ఎగువన. దిగువ భాగం ఎండాకాలంలో నీళ్లని కాస్త చల్లగా ఉంచుతుంది. ఎగువ భాగం వాన కురిసినప్పుడు పెరటి మురికి నీరు తొట్టిలోకి జారకుండా ఆపుతుంది. పెరట్లో చల్లిన మందైనా, బట్టలుతికిన సబ్బు నీరైనా చేపల దాకా రావడానికి వీల్లేదు.

లోపలి పని దగ్గర కాసేపు ఆగాలి. చెయ్యి పెట్టి తడిమితే నేల, గోడ కలిసే చోట ఎక్కడా మూల తగలదు. గిలాబు పచ్చిగా ఉండగానే సోడా సీసా అడుగుతో రుద్దుతూ నాలుగు వైపులా ఒకే వంపు తిప్పారు. లంబకోణంలో వదిలిన మూలలోనే మొదటి పగులు వస్తుంది, చెత్త చేరి కుళ్లేదీ అక్కడే. నేలకి ఈ చివరి నుంచి ఆ చివరికి మూడంగుళాల వాలు. వాలు దిగువ మూలలో అన్నం పళ్లెమంత గుంట, దానిలోంచి బయటికి రెండంగుళాల పైపు, వాల్వు. చేపల పెంట, తినగా మిగిలిన మేత, రాలిన ఆకు అన్నీ మెల్లగా ఆ గుంటలోకే చేరతాయి. వాల్వు తిప్పితే అడుగునున్న మురికి నీరే ముందు పోతుంది, పైనున్న తేట నీరు ఉండిపోతుంది. ఆ పోయే నీరు కాలువలోకి కాదు, గోంగూర మడిలోకి. చేపల తొట్టి నీటిలో నైట్రేటు ఉంటుంది, మొక్కకి అది ఎరువు. ఆ ఇంటి గోంగూర ఆకు వెడల్పు చూస్తే ఇంకో రుజువు అక్కర్లేదు.

గిలాబుకి వాడింది స్లాగ్ సిమెంటు. భిలాయిలో ఇది వింత కాదు. బ్లాస్ట్ ఫర్నేసులో ఇనుము మీద తేలే స్లాగును నీళ్లతో చల్లార్చి గుళికలుగా చేసి, సిమెంటులో కలుపుతారు. పక్కనే జాముల్‌లో సిమెంటు కర్మాగారం ఉంది. స్లాగ్ సిమెంటు మొదట్లో నెమ్మదిగా గట్టిపడుతుంది గానీ, తడి చాలినంత అందితే లోపలి సన్నటి రంధ్రాలు బాగా పూడుకుని నీటిని ఆపుతుంది. చాలినంత తడి అన్న చోటే చాలామంది ఓడిపోతారు. ఈయన గోనె పట్టాలు కప్పి మూడు వారాలకు పైగా ఆరనివ్వలేదు. ఇంత సిమెంటు తెలిసిన మనిషి ఫిల్టర్లో మాత్రం స్లాగు ముక్క ఒక్కటి వెయ్యలేదు. ఊళ్లో ఊరికే దొరుకుతుంది, గుల్లగా ఉంటుంది, ఎవరికైనా చెయ్యి వెళ్తుంది. కానీ అందులో సున్నపు అంశం ఎక్కువ. నీటిలో నానుతూ నానుతూ క్షారాన్ని పెంచుతుంది. ఆయన ఫిల్టరు డ్రమ్ములో ఉన్నవి పగిలిన మట్టికుండ పెంకులు, స్పాంజి, గులకరాళ్లు.

కొత్త సిమెంటు తొట్టిలో నేరుగా చేపలు వదిలితే అవి బతకవు. సిమెంటులోంచి సున్నం దిగి నీటి పీహెచ్ 11 దాటిపోతుంది. చేపకి కావలసింది ఏడు, ఎనిమిది మధ్య. దీనికి మన దగ్గర చేపలు పెంచేవాళ్లు ఎప్పటినుంచో చేసే పని ఉంది: తొట్టి నింపి అరటి బోదె ముక్కలు వేసి కుళ్లనిచ్చి, పారబోసి, మళ్లీ నింపడం. బోదె కుళ్లేటప్పుడు పుట్టే ఆమ్లాలు సున్నాన్ని విరిచేస్తాయి. వాసన మాత్రం పక్కింటి దాకా వెళ్తుంది. మేస్త్రీగారు అదే చేసి, ఆపైన మూడుసార్లు తొట్టి కడిగి నింపి, ప్రతిసారీ పీహెచ్ కాగితం ముంచి చూశారు. ఈ సందులోనే కారుడు పరీక్ష కూడా అయిపోయింది. గోడ మీద నీటిమట్టం దగ్గర మేకుతో గీత పెట్టి, పక్కనే నిండు బకెట్టు ఒకటి ఉంచి దానికీ గీత పెట్టారు. భిలాయి మే ఎండకి రోజుకి సెంటీమీటరు దాకా నీరు ఆవిరైపోతుంది. తొట్టి తగ్గినంతే బకెట్టూ తగ్గితే అది ఎండ పని, తొట్టి ఎక్కువ తగ్గితే మేస్త్రీ పని. రెండూ సమానంగా తగ్గాయి.

ఇన్ని జాగ్రత్తలూ సిమెంటు తొట్టి కట్టేవాళ్లకి. తాపీ పట్టడం రానివాళ్లు మొదటి తొట్టిని మందపాటి ప్లాస్టిక్ పట్టా పరిచి చేసుకోవడమే తెలివైన పని. సున్నం బాధ లేదు, పగుళ్ల బాధ లేదు. పైన చెప్పిన పనితనం లేని సిమెంటు తొట్టి కన్నా పట్టా వేసిన గొయ్యి వెయ్యి రెట్లు నయం.

తొట్టి అయింది, నీళ్లు నిండాయి, చేపలు మాత్రం లేవు. అలా నెల దాటింది. ఇంటికి వచ్చిన మనవలు రోజూ అడిగేవాళ్లట. "నీలు పండాల బాబూ, సేపలకి తొందరేటి?" అన్నారాయన నాతో కూడా. ఆ పండడంలోనే సగం విద్య ఉంది. చేప మొప్పల నుంచి, పెంట నుంచి అమ్మోనియా వస్తుంది. అది విషం. ఒక జాతి బ్యాక్టీరియా దాన్ని నైట్రైటుగా మారుస్తుంది, అదీ విషమే. ఇంకో జాతి దాన్ని నైట్రేటుగా మారుస్తుంది, అది చేపని అంతగా బాధించదు. ఈ రెండు జాతులూ కొత్త తొట్టిలో చాలినన్ని ఉండవు. కుండ పెంకుల మీద, స్పాంజి మీద మెల్లగా పెరగాలి. నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. వాటికి తిండి కావాలి కాబట్టి చేపల్లేని తొట్టిలో ఆయన రోజూ చిటికెడు చేపల మేత వేసేవారు. పరీక్ష నాళికలో చుక్కలు వేస్తే పసుపు నిలిచిందంటే అమ్మోనియా లేనట్టు, ఆకుపచ్చకి తిరిగితే ఉన్నట్టు. వంటింటి గోడకి వేలాడే పాత డైరీలో ఆ రంగుల లెక్క ఉంది. పేజీకి మూడు గళ్లు: ఏ షిఫ్టు, బీ షిఫ్టు, సీ షిఫ్టు. సీ షిఫ్టు గడిలో చాలా చోట్ల వాళ్లావిడ చేతిరాత.

"రాత్రిపూట ఎవరు చూస్తారండీ?" అంటే ఆవిడే జవాబిచ్చారు. "ఆయనకి నిద్ర పట్టదు బాబూ, నాకు మెలకువ వస్తాది. అందికే ఇద్దరం కలిపి సీ షిఫ్టు."

భిలాయిలో బంగారు చేపకి చలి పెద్ద చిక్కు కాదు, ఎండ చిక్కు. ఇది చల్లని నీళ్ల చేప. ఇరవై డిగ్రీల దగ్గర హాయిగా ఉంటుంది. ఇక్కడ మే నెలలో గాలి వేడి 44, 45 డిగ్రీలు. నీరు వేడెక్కేకొద్దీ అందులో పట్టే ప్రాణవాయువు తగ్గుతుంది. ఇరవై డిగ్రీల దగ్గర లీటరుకి తొమ్మిది మిల్లీగ్రాముల పైచిలుకు పట్టేది, ముప్పై దగ్గర ఏడున్నరకి దిగుతుంది. అదే సమయంలో చేప ఒంటికి ప్రాణవాయువు ఎక్కువ కావలసి వస్తుంది. బంగారు చేపకి ఒక అద్భుతమైన శక్తి ఉంది. ప్రాణవాయువు అందని చోట ఒంట్లోనే ఆల్కహాలు తయారుచేసి బయటికి వదులుతూ కొంతకాలం నెట్టుకొస్తుంది. కానీ అది మంచు కింద, గడ్డకట్టే చలిలో పనికొచ్చే విద్య. వైశాలి నగర్ మే నెలలో దానితో పని జరగదు.

అందుకని ఆయన తొట్టిని లోతు కన్నా వెడల్పు ఎక్కువగా ఉంచారు. గాలితో కలిసే నీటి పైభాగం నలభై చదరపుటడుగులు. పంపు గంటకి 2,000 లీటర్లు ఎత్తి ఫిల్టరు డ్రమ్ములో పోస్తుంది. అక్కడి నుంచి నీరు అడుగు వెడల్పున్న కడప రాతి పెదవి మీదుగా పల్చటి పొరలా తొట్టిలోకి పడుతుంది. ఆ పడడంలో గాలిని వెంట తీసుకెళ్తుంది. పంపు నలభై వాట్లది. రోజంతా తిరిగినా కరెంటు ఒక యూనిట్ దాటదు. ఎనిమిదే చేపలెందుకో ఇక్కడ తెలుస్తుంది. కరెంటు పోయి పంపు ఆగినా, ఆ వెడల్పు నీటికి ఎనిమిది చేపల ఊపిరి భారం కాదు. ఇరవై ఉంటే తెల్లవారేసరికి నోళ్లు పైకి పెట్టి తేలేవి. చెడు రోజుని లెక్కలో పెట్టుకుని సంఖ్య తేల్చడం, మంచి రోజు చూసి ఆశపడకపోవడం, ఇది ప్లాంటులో నేర్చిన బుద్ధి.

పడమటి ఎండ ఆపడానికి కట్టిన ఆకుపచ్చ నెట్టు మాత్రం నాకు నచ్చలేదు. దాని కింద చేపల నారింజ రంగు రోగిష్టిగా కనిపిస్తుంది. తొట్టి లోపల నల్ల ఆక్సైడు కలిపిన పూత వేసి రంగు తేలేలా చేసిన మనిషి, మీద ఈ ఆసుపత్రి పచ్చ ఎందుకు కట్టారో! తెల్ల నెట్టో, బీర పందిరో వేసి ఉండొచ్చు. బీర పందిరి ఆకులు రాలుస్తుందని ఆయన వాదన. గట్టు వెడల్పు కూడా ఒక ఇటుకంతే, అంటే తొమ్మిదంగుళాలు. కూర్చుని చూద్దామంటే పది నిమిషాలకే నడుం పట్టేస్తుంది.

ఊరంతా కుళాయి నీళ్లలో క్లోరిను కలుపుతారు. మనకి మేలు, చేప మొప్పలకి మంట. అటక మీది ట్యాంకులో రెండు రోజులు నిలవుంచిన నీళ్లే తొట్టిలోకి వెళ్తాయి. తొందరైతే హైపో గుళికలు, పాత ఫోటో స్టూడియోల్లో వాడినవే. వారానికి ఎనిమిదో వంతు నీరు మార్పు.

వీధివాళ్లు మొదట్లో గొణిగారు. కారణముంది. 2018లో భిలాయిలో డెంగీ ప్రబలి ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత నిలవ నీళ్లంటేనే జనానికి భయం. అయితే బంగారు చేప ఉన్న నీటిలో దోమ పిల్ల బతికి బట్టకట్టడం కష్టం, దొరికింది దొరికినట్టు తినేస్తుంది. పైగా ఆ నీరు కదులుతూనే ఉంటుంది. ఫిల్టరు డ్రమ్ము మాటేమిటని ఒకాయన గట్టిగానే అడిగాడట, అక్కడ చేపలుండవు గనక. అది సరైన ప్రశ్న. డ్రమ్ముకి సన్నని స్టీలు జల్లెడతో మూత బిగించారు. పక్కింటి ఛత్తీస్‌గఢీ ముసలామె ప్రశ్న ఇంకోలాంటిది: తాలాబుకి పెళ్లెప్పుడు? ఇక్కడి పల్లెల్లో చెరువు తవ్వితే మధ్యలో సాల కర్ర స్తంభం నాటి పెళ్లి చేసే ఆచారం ఉంది. మేస్త్రీగారి తొట్టి మధ్యలో అంగుళాల గీతలున్న స్టీలు కడ్డీ నిలబెట్టి ఉంది, నీటిమట్టం చూసుకోవడానికి. "ఇదే మా పెళ్లి స్తంభం మాయీ" అన్నారట.

చేపల ఎంపికలోనూ తొందర లేదు. భిలాయి హౌరా, ముంబయి రైలు మార్గం మీద ఉంది. బెంగాల్‌లో పెంచిన రంగు చేపలు ఆ దారిన దిగుతాయి. చెన్నై కొళత్తూరు సరుకూ దేశమంతా తిరుగుతుంది. దుకాణంలో మెరిసేవి ఉబ్బు కళ్ల బ్లాక్ మూర్లు, తల మీద బుడిపెల ఒరాండాలు. చైనాలో సోంగ్ వంశం కాలానికే చెరువుల్లో పెంచిన ఎర్ర చేపని, మింగ్ కాలంలో కుండల్లోకి తెచ్చి, తరతరాలుగా ఏరి ఏరి తీసిన వింత రూపాలవి. అందంగానే ఉంటాయి, కానీ ఈతలో మందం. ఆరుబయట తొట్టిలో మేతకి పోటీపడలేవు. ఆయన తెచ్చినవి ఒంటి తోక కామెట్లు ఐదు, నీలి ఛాయ చుక్కల షుబుంకిన్లు మూడు. ముందు మూడే వదిలారు. అమ్మోనియా పసుపు మీద నిలిచాక మిగతావి. సంచిని పావుగంట నీటి మీద తేల్చి, కొంచెం కొంచెం తొట్టి నీరు లోపలికి పోసి, చేపని వలతో తీసి వదిలారు. సంచి నీళ్లు గోంగూరకి.

ఈ చేపకి కడుపు ఉండదు. తిన్నది నేరుగా పేగులోకి పోతుంది. పళ్లు నోట్లో కాక గొంతులో ఉంటాయి. అందుకే ఒక్కసారిగా మెక్కించకుండా రోజుకి రెండు మూడు సార్లు చిటికెడు వేస్తారు. ఎప్పుడు వెళ్లినా ఆకలిగా ఉన్నట్టే గట్టు దగ్గరికి వస్తాయి, నమ్మకూడదు. సరైన నీళ్లిస్తే పదీ ఇరవై ఏళ్లు బతుకుతాయి. ఇంగ్లండులో 1956లో ఒక సంతలో గెలుచుకున్న టిష్ అనే చేప 1999 దాకా బతికింది. బల్ల మీద గాజు గిన్నెలో ఒక చేపని తిప్పేవాళ్లకి ఈ లెక్క చెప్పాలి.

వానాకాలం కోసం పొంగు పైపు ఉంది. అది నీటి పైన కాకుండా నాలుగంగుళాల లోపలి నుంచి లాగేలా టీ ఆకారంలో బిగించారు, తేలే మేత కొట్టుకుపోకుండా. నోటికి రెండు పొరల జాలీ. కుండపోత వానలో కూడా పిల్ల చేప ఒక్కటీ మురిక్కాలువ దాటి, నాలా దాటి, శివనాథ్ నదిలో పడకూడదు. అక్వేరియం నుంచి వదిలేసిన దెయ్యం చేప మన కృష్ణా తీరంలో జాలర్ల వలలు చింపుతున్న కథ తెలిసిందే. బంగారు చేప కూడా చెరువులో పడితే అడుగు మట్టి కెలికి, నీటిని బురద చేసి, ఆ చెరువు సొంత చేపల నోటి కూడు లాగేస్తుంది.

ఈ ఏడాది ఫిబ్రవరి చివర గుడ్లు పెట్టాయి. కొబ్బరి పీచు కుచ్చులు వేలాడదీసి ఉంచారు గనక గుడ్లు వాటికి అంటుకున్నాయి. లేకపోతే పెట్టినవాటిని తల్లిదండ్రులే తినేస్తాయి. కుచ్చులు తీసి బకెట్టులో వేస్తే మూడు నాలుగు రోజుల్లో పిల్లలొచ్చాయి, కాంస్యపు రంగులో, బంగారం జాడ లేకుండా. ఆ రంగు నెలలు గడిస్తే గానీ తిరగదు. వాటికని పక్కనే రెండో తొట్టి మొదలైంది. నాలుగడుగులకి మూడడుగులు. గొయ్యి తవ్వి మొరం పోశారు. నేను వెళ్లినప్పుడు ఆయన మట్టం గొట్టం పట్టుకుని వాలు చూసుకుంటున్నారు. చిన్న తొట్టే కదా, పైపు మాత్రం లావుగా తెచ్చారేమని అడిగాను.

"ఆ రెండంగులాలది నాచు పట్టి మూసుకుపోతంది బాబూ. దీనికి మూడు ఎట్టేస్తన్నాను. పెద్ద తొట్టిది కూడా వానలెల్లాక తీసి మార్సాల."